అరకు పోయేది ఎవర్ని చూడడానికి?



పోస్టు పెద్దది. సగం చదివి తిట్టొద్దు, మొత్తం చదివి తిట్టండి.

పది రోజుల నుంచి మా ఇంట్లో గొడవ నడుస్తా ఉంది. ఆస్తి గొడవ కాదు, పెండ్లి గొడవ కాదు. టూరు గొడవ. మాది రాప్తాడు మండలంలో ఒక తండా. మా అన్నకు బెంగళూరులో ఉద్యోగం వచ్చి మూడేండ్లయింది. బోరు కోసం చేసిన అప్పు ఈ ఏడు తీరింది. అందుకే మొదటిసారి మా ఇంట్లో "ఊరికే చూసి వద్దాం" అనే మాట పుట్టింది. అంతకు ముందు మా ఇంట్లో ప్రయాణం అంటే మూడే. కూలికి బెంగళూరు. జబ్బు చేస్తే అనంతపురం పెద్దాసుపత్రి. మొక్కుంటే గుత్తి దగ్గర సేవాగఢ్. ఊరికే పోవడం అనేది మాకు తెలీదు.

అన్న దసరా సెలవులకు అరకు అన్నాడు. వదిన సరే అంది. బాపు తల ఊపినాడు. యాడి ఆ రోజే పెట్టెలోంచి మంచి చీర తీసి ఎండకేసింది. నేను ఒక్కదాన్నే రాను అన్నా.

"యాలమ్మా? డబ్బులు నువ్వేమన్నా పెడుతున్నావా?" అన్నాడు అన్న. ఇంట్లో మేం గోర్ బోలీలోనే మాట్లాడుకుంటాం, ఇక్కడ అందరి కోసం తెలుగులో రాస్తున్నా.

డబ్బు సంగతి కాదు. ఆ ఊరు పోవాలంటే నాకు భయం. ఎందుకు భయమో ఇంట్లో చెప్తే నవ్వినారు. మీరు నవ్వరని కాదు, మీరైతే వాదిస్తారని ఇక్కడ రాస్తున్నా.

అన్న ఫోన్‌లో ఒక వీడియో చూపించినాడు. ఒక రిసార్టు ముందర థింసా. పది పన్నెండు మంది ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక ఒకరు చేయి వేసి వరసగా తిరుగుతుంటారు. ఆ వరస మధ్యలోకి ఇద్దరు టూరిస్టు అక్కలు దూరినారు. అద్దెకు తెచ్చిన చీర ఆ పద్ధతిలోనే కట్టుకుని, ఫోన్ పట్టుకున్న మనిషిని చూసి పడీ పడీ నవ్వుతున్నారు. వాళ్ళ పక్కనున్న ఆమెను చూడండి అన్నా నేను. ఆమె నవ్వడం లేదు. అడుగు తప్పడం లేదు. వాయించేవాళ్ళ వైపు చూస్తా ఉంది, ఎప్పుడు ఆపుతారా అని. ఆ చూపు నాకు తెలుసు. ఎందుకంటే ఒకసారి ఆ చూపు నాదే.

డిగ్రీలో ఉన్నప్పుడు కాలేజీలో ట్రెడిషనల్ డే పెట్టినారు. "నువ్వు లంబాడీ డ్రెస్ వేసుకుని రా, బాగుంటుంది" అని మేడం అడిగింది. మా దాది పేటియా, కాంచళి, టుక్రి ఇంట్లో ఉన్నాయి. అద్దాలన్నీ దాది తన చేత్తో కుట్టుకున్నవే. ఆమె ఆ బట్టలు వదిలేసి అప్పటికి ఎన్నో ఏండ్లయింది. బస్సులో పక్కన కూర్చోబెట్టుకోకుండా జరిగేవాళ్ళు, సంతలో దొంగను చూసినట్టు చూసేవాళ్ళు, అందుకే చీరలోకి మారినా అని చెప్పేది. నేను గర్వంగానే వేసుకుని పోయినా. పది గంటలకు పోతే సాయంత్రం దాకా ఒక్క పాఠం కూడా వినలేదు. నిలబడి ఫోటోలు దిగడమే పని. మధ్యాహ్నానికి క్లాసు అమ్మాయిలు టుక్రి అడిగి తీసుకుని ఒకరి తర్వాత ఒకరు తల మీద వేసుకుని సెల్ఫీలు. "ఇది అద్దెకు ఎంత?" అని ఒకమ్మాయి అడిగింది. తప్పుగా అడగలేదు పాపం. మంచి పిల్లే. కానీ మా దాది బట్టలు ఆ ఒక్క మాటతో దుకాణంలో సరుకైపోయినాయి. ఇంటికొచ్చి చూస్తే రెండు అద్దాలు ఊడిపోయి ఉన్నాయి. దాది ఏమీ అనలేదు. సూది దారం తెచ్చి కుట్టుకుంది.

మరుసటి రోజు అదే క్లాసులో ఫీజు రీయింబర్స్‌మెంట్ మాట వస్తే "మీకేం, మీకన్నీ ఫ్రీ" అన్నారు. నిన్న ఫోటోలో నా భుజం మీద చేయి వేసిన వాళ్ళే.

ఇప్పుడు చెప్పండి. ఆ పక్క నిలబడినదాన్ని, ఈ పక్కకొచ్చి టికెట్ కొనుక్కుని చూడమంటే నాకు చెమట పట్టదా?

మనల్ని చూడడం అనేది కొత్త సంగతి కాదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేయించినాడు. మనుషుల్ని నిలబెట్టి తలలు కొలిచినాడు, ముక్కులు కొలిచినాడు, ఫోటోలు తీయించినాడు. మన లంబాడీలూ అందులో ఉన్నారు. అంతకు మూడేండ్ల ముందు, 1906లో, న్యూయార్క్ బ్రాంక్స్ జూలో ఓటా బెంగా అనే కాంగో మనిషిని కోతుల బోనులో పెట్టి జనానికి చూపించినారు. అవన్నీ పాత రోజులు అంటారా? 2012లో అండమాన్‌లో జారవా ఆడవాళ్ళను తిండి ఆశ చూపించి టూరిస్టుల ముందు ఆడించిన వీడియో బయటపడి దేశమంతా సిగ్గుపడింది. సిగ్గుపడినట్టు అనిపించింది అనాల్నేమో.

అరకు అట్లాంటిది అని నేను అనడం లేదు. అక్కడ ఎవరినీ బోనులో పెట్టలేదు. అక్కడి ఆడబిడ్డలు తమ ఆట తామే ఆడుతున్నారు, డబ్బు తీసుకుంటున్నారు, అది వాళ్ళ కష్టం, వాళ్ళ హక్కు. నా కొట్లాట వాళ్ళతో కాదు. చూసే కండ్లతో. అందులోనూ మన కండ్లతో.

అన్న మూడు మాటలన్నాడు. మూడింటికీ జవాబు చెప్తా, ఎందుకంటే ఈ గ్రూపులో కూడా చాలామంది ఇవే మాటలంటారని నాకు తెలుసు.

మొదటిది: "మనం పోతేనే కదా వాళ్ళకు నాలుగు రూపాయలు వచ్చేది."

సరే. ఎవరికి? అరకు షెడ్యూల్డ్ ఏరియా. 1959 భూబదలాయింపు చట్టానికి 1970లో సవరణ చేసినారు, దాన్నే మనం 1/70 అంటాం. దాని ప్రకారం అక్కడ గిరిజనేతరుడు భూమి కొనలేడు. మరి రోడ్డు పక్కన ఆ రిసార్టులు, ఆ హోటళ్ళు అన్నీ ఎవరివి? బినామీ పేర్ల గురించి అక్కడి ఆదివాసీ సంఘాలు ఏండ్లుగా అరుస్తా ఉన్నాయి. నువ్వు గదికి కట్టే వేలల్లో గది ఊడ్చే పిల్లకు ఎంత పోతుందో అడుగు అన్నా. టూరు వేసేవాడు నాలుగు రూపాయల మాట చెప్తాడు. ఆ నాలుగు రూపాయలు ఏ జేబులోకి పోతున్నాయో చూడడం మన పని. మన రాప్తాడు దగ్గర హైవే పక్క డి.పట్టా భూములు ఎట్ల చేతులు మారినాయో కండ్లతో చూసినవాళ్ళం మనం. మనకు ఇది అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది?

రెండోది: "గుహలు, జలపాతాలు చూసి వద్దాం, మనుషుల జోలికి మనకెందుకు?"

బొర్రా గుహలనే తీసుకోండి. లోపల లైటు వేసి, ఈ రాయి శివుడు, ఆ రాయి ఏనుగు అని చూపిస్తారు. చూసి బయటికొచ్చి బొంగులో చికెన్ తిని వచ్చేస్తాం. కానీ మన దేశంలో ఆదివాసీ భూమికి అంత పెద్ద కాపలా ఇచ్చిన తీర్పు ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచే పుట్టింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు వాళ్ళకు గనుల లీజులు ఇస్తే, సమత అనే సంస్థ కోర్టుకు పోయింది. హైకోర్టులో ఓడిపోయింది. సుప్రీంకోర్టుకు పోయింది. 1997లో సుప్రీంకోర్టు ఏమని చెప్పిందంటే, షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడికి భూమి ఇవ్వకూడదన్న నిషేధం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుంది, ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీలకు లీజు ఇవ్వకూడదు అని. సమత తీర్పు అని గ్రూప్స్‌కు చదివేవాళ్ళు బట్టీ పట్టినారు కదా, ఆ ఊరు అదే. గుహ చూసి, ఊరు చూడకుండా వస్తే మనం ఏం చదివినట్టు?

గిరిజన మ్యూజియం సంగతి సరేసరి. మనిషంత బొమ్మలు చేసి పెట్టినారు, వేటాడేవాళ్ళు, ఆడేవాళ్ళు, పెండ్లి చేసుకునేవాళ్ళు. బయటికొస్తే రోడ్డు మీద అదే మనుషులు నిజంగా తిరుగుతుంటారు, సంతకు పసుపు, మిరియాలు మోసుకుని. మ్యూజియం తప్పు అని కాదు. పాత వస్తువులు దాచుకోవాల్సిందే. కానీ బతికున్న మనిషి ఊళ్ళోనే ఆ మనిషి బొమ్మను చూడడానికి టికెట్ తీసుకుని, ఆ మనిషితో ఒక్క మాట మాట్లాడకుండా వచ్చేస్తే అది ఏమి చూడడం? రోడ్డు లేక నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చినారనే వార్త అల్లూరి జిల్లా నుంచి మళ్ళీ మళ్ళీ వస్తానే ఉంది. ఆ డోలీ దారులు ఏ ప్యాకేజీలోనూ ఉండవు.

మూడోది అసలైన మాట. అన్న గట్టిగా అన్నాడు: "మనమూ ఎస్టీలే, వాళ్ళూ ఎస్టీలే. మనవాళ్ళను మనం చూస్తే తప్పేంది?"

దీనికి జవాబు చెప్పడం నాకు కష్టమైంది. ఎందుకంటే ఇది అన్నను కాదు, నన్నే తగులుతుంది.

మనవాళ్ళు అంటున్నాం. ఎప్పుడు అన్నాం ముందు? ఏజెన్సీలో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో 3ని, 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ పోస్టులు మైదానంలో ఉన్న మనకు కూడా రావు ఆ జీవో ప్రకారం. అప్పుడు నేను ఇంటర్. లాక్‌డౌన్‌లో అందరం తండాలోనే ఉన్నాం. డీఎస్సీకి చదువుతున్న మా చుట్టాల అన్న ఒకాయన వార్త చూసి "మంచిదే, ఇంక మనకూ ఛాన్స్" అన్నాడు. ఎవరూ ఆయన్ను కాదనలేదు. నేనూ అనలేదు. అడవిలో పిల్లవాడికి వాడి భాషలో అక్షరం చెప్పే పంతులు పోతున్నాడని మనకు తోచలేదు. మనకు తోచింది ఖాళీలే.

2017 చివర్లో ఆదిలాబాద్‌లో ఆదివాసీలకూ లంబాడీలకూ మధ్య ఎంత దూరం పోయిందో మీకందరికీ తెలుసు. ఆ గొడవలో ఎవరిది తప్పు అని ఈ పోస్టులో తేల్చను. కానీ కొండ మీది వాళ్ళు మనల్ని చూసి "మీరు మైదానం వాళ్ళు, మా వాటా తినేవాళ్ళు" అన్నప్పుడు మనకు కోపం వస్తుంది కదా. మరి మనం వాళ్ళ ఊరికి ఎట్ల పోతున్నాం? కారు వేసుకుని, నల్లద్దాలు పెట్టుకుని, వాళ్ళ చీర అద్దెకు తీసుకుని. క్యాస్ట్ సర్టిఫికెట్‌లో చుట్టాలం, అరకులో బేరగాళ్ళం. ఎస్టీ అనే రెండక్షరాలు చుట్టరికం కాదు. చుట్టరికం రాకపోకలతో వస్తుంది, కష్టం వచ్చినప్పుడు నిలబడితే వస్తుంది.

ఈ గ్రూపులోనే పోయిన డిసెంబర్‌లో అరకు ఫోటోలు పెట్టినవాళ్ళున్నారు. పేర్లు చెప్పను. అద్దె చీర కట్టి, కుండ నెత్తిన పెట్టుకుని, "ట్రైబల్ లుక్" అని రాసి. మనమే ట్రైబల్ అయ్యి, ఇంకో తెగ బట్ట వేసుకుని ట్రైబల్ లుక్ అని రాసుకోవడం! రేపు ఎవరో మా దాది పేటియా అద్దెకు తీసుకుని లంబాడీ లుక్ అని పెడితే ఇదే గ్రూపులో రెండు వందల కామెంట్లు వస్తాయి, మనోభావాలు అని. గదబలకు, కొండదొరలకు, పోర్జలకు, కోటియాలకు మనోభావాలు లేవా?

ఇక్కడి దాకా నేనే గెలిచినట్టు రాసినా. ఇంట్లో మాత్రం గెలవలేదు. యాడి దగ్గర ఓడిపోయినా.

అన్నతో అరిచి అరిచి బయట అరుగు మీద కూర్చుంటే యాడి వచ్చి పక్కన కూర్చుంది. "నాకు ఆటా వద్దు, గుహా వద్దు" అంది. "టీవీలో చూసినా. ఆ కొండల మీద మబ్బు కిందికి వస్తుందంట. నీళ్ళు ఊరికే రాళ్ళ మీద పారతా ఉంటాయంట, ఎవరూ మోటారు వేయకుండానే. అట్లా పారే నీళ్ళలో ఒక్కసారి కాళ్ళు పెట్టుకుని కూర్చోవాల."

మీలో కొండ ప్రాంతాల వాళ్ళకు ఈ మాట వింతగా ఉంటుందేమో. మా అనంతపురం దేశంలో చాలా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి అని చిన్నప్పటి నుంచి బడిలో చెప్తారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర, అది కూడా అదునులో పడదు. మా యాడి యాభై ఏండ్లు శెనక్కాయ పీకింది, ఉపాధి పనిలో గుంతలు తీసింది, నీళ్ళ ట్యాంకరు వెనక బిందె పట్టుకుని పరుగెత్తింది. ఆమె జీవితంలో నీళ్ళంటే కొలిచి వాడేది, కొట్లాడి తెచ్చుకునేది. ఆమె ఒక్క రోజు ఊరికే పారే నీళ్ళు చూడాలని అడిగితే నేను సమత తీర్పు చెప్పాలా?

సేవాగఢ్ పోదాంలే యాడీ అన్నా. "అక్కడ నీళ్ళున్నాయా?" అని అడిగింది. నేనేం చెప్పాల?

కాబట్టి టూరు తప్పు, సెలవులు తప్పు, పేదోడు ఇంట్లోనే కూర్చోవాలి అని నేను అనడం లేదు. అట్లా అనేవాళ్ళంటే నాకు మంట. ఊరికే తిరిగే హక్కు ఉన్నోళ్ళకే రాసిపెట్టిందా? మా యాడికి ఆ నీళ్ళ మీద హక్కుంది. కానీ ఆ నీళ్ళకు మనుషులున్నారు. ఆ మనుషుల మీద మాకు ఏ హక్కూ లేదు. నా భయం అక్కడే ఉంది: మా అమ్మ ఆశ తీర్చడానికి పోయి, నేను ఇంకొకరి అమ్మను బొమ్మను చేసి వస్తానేమో అని.

నిన్న రాత్రి ఇంట్లో నా షరతులు చెప్పినా. వస్తా, కానీ:

ఆట ఆడించి చూడను. వాళ్ళ పండగకు, చైత్రంలోనో పెండ్లిలోనో, ఎవరన్నా పిలిస్తే పోయి చూస్తా. అద్దె బట్ట కట్టను, వదినను కూడా కట్టనియ్యను. అడగకుండా ఎవరి ఫోటో తీయను, పిల్లల ఫోటో అసలే తీయను. ఉండే చోటు ఎవరిదో అడిగి, అక్కడి గిరిజన కుటుంబం నడిపేదైతేనే దిగుదాం, గది చిన్నదైనా సరే. కాఫీ, మిరియాలు, పసుపు గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో, సంతలో పండించినోళ్ళ దగ్గరో కొందాం, బేరం ఆడకుండా. రాయలసీమ వాళ్ళం, బేరం ఆడకుండా ఉండడం మా బాపుకు ఎంత కష్టమో మీకు తెలుసు.

ఇంకొకటి. ఒక్క పూట ఎవరో ఒకరి ఇంటి ముందర కూర్చుని మాట్లాడాల. "మేం ఎండిపోయిన జిల్లా నుంచి వచ్చినాం, సుగాలీలం" అని మన సంగతి ముందు మనం చెప్పాల. చూడడానికి పోయినవాడు తన గురించి ఏమీ చెప్పడు. చుట్టం అట్ల కాదు, తన ఇంటి మంచి చెడ్డ చెప్పిన తర్వాతే వాళ్ళ ఇంటి సంగతి అడుగుతాడు.

అన్న "ఇది టూరా, పరీక్షా?" అన్నాడు. వదిన అలిగింది. బాపు మాత్రం చాలాసేపు బీడీ కాల్చి ఒక్క మాట అన్నాడు: "బెంగళూరులో బిల్డింగు పని చేసేటప్పుడు ఎవరన్నా వచ్చి ఫోటోలు తీసేవాళ్ళు. ఏ ఊరు అని ఒక్కడు అడగలా." అంతే. లేచి పోయి పడుకున్నాడు.

గొడవ ఇంకా తెగలేదు. టికెట్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నాయి.

అందుకే ఈ పోస్టు. ఈ గ్రూపులో అరకు, అనంతగిరి, పాడేరు, ముంచంగిపుట్టు వైపు నుంచి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. మైదానం వాళ్ళం మేం ఎక్కువ మాట్లాడతాం, మీరు తక్కువ రాస్తారు. ఈసారి మీరే చెప్పండి. మేం మీ ఊరికి రావాలా వద్దా? వస్తే ఎట్ల రావాల? నా షరతుల్లో తప్పుంటే కొట్టేయండి. "ఆట చూసి డబ్బులిచ్చి పోండక్కా, నీతులు మాకొద్దు, మాకు ఇల్లు గడవాల" అంటే అదీ రాయండి, నేను తల వంచుకుని వింటా. ఎవరింటికి పోవాలో ఆ ఇంటివాళ్ళే చెప్పాల కదా.

మిగతా మైదానం వాళ్ళకు ఒక్కటే మాట. ఆ డిసెంబర్ ఫోటోలు తీసేయండి. ఎవరూ అడగక ముందే తీసేస్తే మర్యాదగా ఉంటుంది.

జై సేవాలాల్. జై ఆదివాసీ.